నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల రైలు మార్గాలు, చారిత్రక స్టేషన్లు

నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల రైలు మార్గాలు దక్షిణ తెలంగాణ పీఠభూమి మీదుగా హైదరాబాదును కృష్ణా, తుంగభద్ర నదుల ఆవలి ప్రాంతాలతో కలుపుతున్నవి. ఈ రెండు ఉమ్మడి జిల్లాలలో నాలుగు ప్రధాన మార్గాలు కలవు. అవి బొంబాయి - మద్రాసు మార్గం, సికింద్రాబాదు - కాజీపేట మార్గం, సికింద్రాబాదు - ద్రోణాచలం మార్గం, పగిడిపల్లి - నల్లపాడు మార్గం. వీటిలో మొదటిది 1871 నాటిది కాగా, చివరిది ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాలలో నిర్మించబడినది. అందుచేత ఈ ప్రాంతంలో కొన్ని చిన్న గ్రామాలకు నూట యాభై యేళ్ళ రైలు చరిత్ర ఉండగా, కొన్ని జిల్లా కేంద్రాలకు నేటికీ రైలుస్టేషను లేదు.

ఈ వ్యాసంలో నల్గొండ జిల్లా, మహబూబ్ నగర్ జిల్లా అనే పేర్లు 2016కు పూర్వపు సరిహద్దులను సూచిస్తాయి. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్ నగర్ జిల్లా నుండి నాగర్ కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. షాద్ నగర్ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో చేరినది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడినది.

చరిత్ర

తొలి రైలు మార్గం: కృష్ణ

ఈ ప్రాంతంలో ప్రవేశించిన తొలి రైలు హైదరాబాదు రైలు కాదు. బొంబాయి నుండి బయలుదేరిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుండి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరు వద్ద కలిసినవి. అప్పటికి రాయచూరు నిజాం రాజ్యంలోని పట్టణమే. ఈ మార్గం వాడి, యాదగిరి మీదుగా వచ్చి, మహబూబ్ నగర్ జిల్లా పశ్చిమ కొసను తాకి, కృష్ణా నదిని దాటి రాయచూరు చేరుతుంది. నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న స్టేషనుకు నది పేరు మీదుగానే కృష్ణ అని పేరు వచ్చినది. ఇది ప్రస్తుతం నారాయణపేట జిల్లాలో ఉన్నది.

మూడేళ్ళ తరువాత, 1874 అక్టోబరులో, వాడి నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం ప్రారంభమైనది. దీనికి కావలసిన ధనం నిజాం ప్రభుత్వం సమకూర్చినది. ఆనాడు సాలార్ జంగ్ దివానుగా ఉన్నాడు. ఈ మార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా వెళ్ళుటవలన మహబూబ్ నగర్ పట్టణానికి దీనితో నేరుగా ప్రయోజనం కలుగలేదు.

భువనగిరి మార్గం

1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడినది. ఉన్న మార్గాన్ని ఈ కంపెనీకి అప్పగించి, దానిని బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించవలెనన్నది ఒప్పందం. పెట్టుబడిపై నిర్ణీత రాబడికి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చినందువలననే కంపెనీ పేరులో గ్యారంటీ అనే మాట చేరినది. రైలు నష్టపోయినా వాటాదారుకు వడ్డీ తగ్గదు, ఆ లోటు ఖజానా నుండి పూడ్చవలసి ఉంటుంది. చాందా రైల్వే పథకంగా పేరొందిన ఈ ఏర్పాటును హైదరాబాదు విద్యావంతులు కొందరు బహిరంగంగా ప్రశ్నించారు. వారిలో ముఖ్యుడైన అఘోరనాథ చటోపాధ్యాయ 1883లో హైదరాబాదు రాజ్యం నుండి బహిష్కరించబడినాడు. ఈయన సరోజినీ నాయుడు తండ్రి. హైదరాబాదు రాజ్యంలో ప్రజాభిప్రాయ ఉద్యమాలకు ఇది తొలి ఘట్టాలలో ఒకటిగా పరిగణించబడుతున్నది.

సికింద్రాబాదు నుండి వరంగల్ వరకు మార్గం 1886లో, అక్కడి నుండి బెజవాడ వరకు 1889లో పూర్తయినది. ఇది నల్గొండ జిల్లా ఉత్తర భాగంలో బీబీనగర్, భువనగిరి, రాయగిరి, వంగపల్లి, ఆలేరు గ్రామాల మీదుగా సాగుతుంది. నల్గొండ జిల్లాకు చాలాకాలం వరకు ఉన్న ప్రధాన రైలు మార్గం ఇదే. జిల్లా కేంద్రమైన నల్గొండ మాత్రం దీనికి దక్షిణంగా దూరాన ఉండిపోయినది.

మీటరు గేజి కాలం: మహబూబ్ నగర్, గద్వాల

మహబూబ్ నగర్ పట్టణానికి రైలు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చినది. సికింద్రాబాదు నుండి గద్వాల వరకు మార్గం 1916లో వేయబడినది. అదే సంవత్సరం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో కాచిగూడ స్టేషను భవనం నిర్మించబడినది. గుమ్మటాలు, మినారులతో కూడిన ఈ భవనం హైదరాబాదు నగరంలో ఉన్నప్పటికీ, పాలమూరు ప్రయాణీకులకు రాజధాని ద్వారం అదే అయినది. నేటికీ ఈ మార్గపు రైళ్ళు చాలావరకు కాచిగూడ నుండే బయలుదేరుతున్నవి.

ఈ మార్గం మీటరు గేజి. అనగా పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. వాడి, కాజీపేట మార్గాలు 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజివి. మీటరు గేజికి కట్టలు, వంతెనలు, పెట్టెలు చిన్నవిగా ఉండుటవలన ఖర్చు తక్కువ. అయితే ఒక గేజి బండి మరొక గేజిపై నడువదు. బెజవాడ వైపు వెళ్ళవలసిన పాలమూరు ప్రయాణీకుడు సికింద్రాబాదులో బండి మారవలసి వచ్చేది, సరుకును దించి మరల ఎక్కించవలసి వచ్చేది. ఇంకొక వైపు ఈ మార్గానికి ఒక లాభం కూడా కలిగినది. సికింద్రాబాదుకు ఉత్తరాన నిజామాబాదు మీదుగా మన్మాడ్ వరకు ఉన్న మార్గం కూడా మీటరు గేజిదే. గద్వాల మార్గం తరువాతి కాలంలో కర్నూలు మీదుగా ద్రోణాచలంతో కలుపబడుటతో, మహారాష్ట్ర నుండి పాలమూరు మీదుగా గుంతకల్లు, బెంగుళూరు వైపు సాగే అవిచ్ఛిన్నమైన మీటరు గేజి బాట ఏర్పడినది.

గద్వాల కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న భూభాగంలో ఉన్నది. దీనిని నడిగడ్డ అంటారు. హైదరాబాదు నుండి కర్నూలు చేరుటకు గద్వాలకు ముందు కృష్ణను, అలంపురం దాటిన తరువాత తుంగభద్రను దాటవలెను. తుంగభద్ర ఆనాడు నిజాం రాజ్యానికి, మద్రాసు ప్రెసిడెన్సీకి నడుమ సరిహద్దు. కావున ఆ నదిపై వంతెన రెండు పరిపాలనలను కలిపిన వంతెన కూడా.

ప్రభుత్వ యాజమాన్యం

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుండి తన స్వాధీనంలోనికి తీసుకొన్నది. అప్పటి నుండి అది నిజాం స్టేట్ రైల్వేగా పిలువబడినది. హైదరాబాదు భారతదేశంలో విలీనమైన తరువాత, 1951 నవంబరులో ఈ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు ఈ మార్గాలు దాని పరిధిలోనికి వచ్చినవి.

నల్గొండకు రైలు

నల్గొండ పట్టణానికి రైలు స్వాతంత్ర్యానంతరం వచ్చినది. సికింద్రాబాదు - కాజీపేట మార్గంపై బీబీనగర్ సమీపం నుండి చీలి, నల్గొండ, మిర్యాలగూడల మీదుగా కృష్ణానదిని దాటి అప్పటి గుంటూరు జిల్లాలోని నడికుడిని కలిపే మార్గానికి 1970లలో పని ప్రారంభమై, 1980ల చివరికి పూర్తయినది. ఇది ప్రజలలో బీబీనగర్ - నడికుడి లైనుగా ప్రసిద్ధము. రైల్వే వ్యవహారంలో దీనిని పగిడిపల్లి - నల్లపాడు సెక్షనులో భాగంగా పేర్కొంటారు. నడికుడి వద్ద ఇది గుంటూరు - మాచర్ల మార్గాన్ని కలుస్తుంది. ఆ మార్గం మొదట మీటరు గేజిది. అది బ్రాడ్ గేజిగా మారిన తరువాతనే సికింద్రాబాదు నుండి నల్గొండ మీదుగా గుంటూరుకు నేరుగా రైళ్ళు నడుచుట సాధ్యమైనది.

ఈ మార్గం వలన సికింద్రాబాదు - గుంటూరు దూరం కాజీపేట, విజయవాడల మీదుగా వెళ్ళుటకన్న తగ్గినది. కాజీపేట - విజయవాడ మార్గంలో ఆటంకం ఏర్పడినప్పుడు రైళ్ళను మళ్ళించుటకు కూడా ఇది ఉపయోగపడుతున్నది. 2003లో గుంటూరు డివిజను ఏర్పడినప్పుడు ఈ మార్గం ఆ డివిజనులో చేర్చబడినది.

గేజి మార్పిడి, కొత్త మార్గాలు

1990లలో దేశవ్యాప్తంగా జరిగిన గేజి మార్పిడిలో భాగంగా సికింద్రాబాదు - మహబూబ్ నగర్ - ద్రోణాచలం మార్గం బ్రాడ్ గేజిగా మార్చబడినది. దీనితో పాలమూరు ప్రయాణీకుడు సికింద్రాబాదులో బండి మారవలసిన అవసరం తప్పినది. ఆ తరువాతి ముఖ్యమైన మార్పులు ఇవి:

- 2013లో గద్వాల - రాయచూరు కొత్త మార్గం ప్రారంభమైనది. దీనితో గద్వాల జంక్షను అయినది.
- మునీరాబాదు - మహబూబ్ నగర్ పథకంలో భాగంగా దేవరకద్ర నుండి మరికల్, జక్లేరు, మక్తల్ మీదుగా కృష్ణ వరకు మార్గం వేయబడినది. ఇందులో చివరి భాగమైన 37 కి.మీ.ల జక్లేరు - కృష్ణ మార్గం 2023 అక్టోబర్ 1న ప్రారంభించబడినది. అదే రోజు కాచిగూడ - రాయచూరు రైలు కూడా మొదలైనది. 1871 నాటి మార్గం, 1916 నాటి మార్గం జిల్లాలోనే ఒకదానితో ఒకటి కలియుటకు నూరేళ్ళకు పైగా పట్టినది.
- సికింద్రాబాదు - మహబూబ్ నగర్ మార్గంలో 85 కి.మీ. మేర రెండవ లైను, విద్యుదీకరణ పనులు పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేయబడినవి.
- 2023 ఆగస్టులో గుంటూరు - బీబీనగర్, మహబూబ్ నగర్ - ద్రోణాచలం మార్గాలలో రెండవ లైను నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది.

ముఖ్యమైన స్టేషన్లు

సికింద్రాబాదు - కాజీపేట మార్గం

బీబీనగర్: హైదరాబాదు వైపు నుండి వచ్చునప్పుడు ఉమ్మడి నల్గొండ జిల్లాలోని తొలి ముఖ్య స్టేషను.

పగిడిపల్లి: నల్గొండ మార్గం చీలే జంక్షను. గ్రామం చిన్నదైనా రైల్వే పటంలో ముఖ్యమైనది.

భువనగిరి: ఏకశిలపై నిర్మించిన భువనగిరి కోట గల పట్టణం. రైల్వే వ్రాతలలో భోంగిర్ అని కనిపిస్తుంది.

రాయగిరి: యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి వచ్చే భక్తులకు దగ్గరి స్టేషన్లలో ఒకటి. దీనికి తరువాత యాదాద్రి అని పేరు మార్చబడినది.

ఆలేరు: ప్రాచీన జైన క్షేత్రమైన కొలనుపాకకు దిగవలసిన స్టేషను.

పగిడిపల్లి - నల్లపాడు మార్గం

ఈ మార్గంలో వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్గొండ, తిప్పర్తి, మిర్యాలగూడ, విష్ణుపురం ముఖ్యమైన స్టేషన్లు. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని పట్టణం. ఇక్కడి బియ్యపు మిల్లులు ప్రసిద్ధమైనవి. విష్ణుపురం కృష్ణానదికి ఉత్తరాన తెలంగాణలోని చివరి స్టేషను. పరిసరాలలో సున్నపురాయి నిక్షేపాలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నందున సరుకు రవాణాకు ఇది ముఖ్యము.

సికింద్రాబాదు - ద్రోణాచలం మార్గం

షాద్ నగర్, జడ్చర్ల: హైదరాబాదు - మహబూబ్ నగర్ నడుమ గల వ్యాపార పట్టణాలు.

మహబూబ్ నగర్: జిల్లా కేంద్రం. పాత పేరు పాలమూరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా ప్రస్తుత నామం వచ్చినది. పిల్లలమర్రి అనే మహా వటవృక్షం పట్టణానికి దగ్గరలో ఉన్నది.

మన్యంకొండ, కురుమూర్తి: ఈ రెండు స్టేషన్లు సమీపంలోని వేంకటేశ్వరస్వామి క్షేత్రాల పేర్లు కలిగినవి. జాతర రోజులలో ఇక్కడ ప్రయాణీకుల రద్దీ ఎక్కువ.

దేవరకద్ర: కృష్ణ మార్గం చీలే జంక్షను.

వనపర్తి రోడ్డు: ఈ స్టేషను వనపర్తి పట్టణంలో లేదు, మదనాపురం వద్ద ఉన్నది. రైల్వేలలో ఊరి పేరు చివర రోడ్డు అని ఉన్నచో, ఆ ఊరు స్టేషనుకు దూరంగా ఉన్నదని, అక్కడి నుండి రోడ్డు మీద వెళ్ళవలెనని అర్థము. అలంపురం రోడ్డు అనే పేరు కూడా ఇటువంటిదే.

గద్వాల: పూర్వపు గద్వాల సంస్థాన కేంద్రం. జరీ అంచు చీరలకు ప్రసిద్ధి. ద్రోణాచలం, రాయచూరు మార్గాల కూడలి.

ప్రయాణీకుల రైళ్ళు

నల్గొండ మార్గంలో హౌరా వెళ్ళే ఫలక్ నుమా ఎక్స్ ప్రెస్, తిరుపతి వెళ్ళే నారాయణాద్రి ఎక్స్ ప్రెస్, తిరువనంతపురం వెళ్ళే శబరి ఎక్స్ ప్రెస్, విశాఖపట్నం వైపు వెళ్ళే జన్మభూమి, విశాఖ ఎక్స్ ప్రెస్ లు ప్రసిద్ధమైనవి. సికింద్రాబాదు - తిరుపతి వందే భారత్ రైలు 2023 ఏప్రిల్ 8న ఈ మార్గంలో మొదలైనది. మహబూబ్ నగర్ మార్గంలో కర్నూలు వెళ్ళే తుంగభద్ర ఎక్స్ ప్రెస్, చిత్తూరు వెళ్ళే వేంకటాద్రి ఎక్స్ ప్రెస్ చిరకాలంగా తెలిసినవి. కాచిగూడ - యశ్వంతపూర్ వందే భారత్ 2023 సెప్టెంబర్ 24న ప్రారంభమైనది.

అయితే ఈ జిల్లాల సామాన్య ప్రజలకు ఎక్స్ ప్రెస్ ల కన్న అన్ని స్టేషన్లలో ఆగే ప్యాసింజరు బండ్లే ముఖ్యము. కూరగాయలు, పాలు అమ్ముకొనేవారు, విద్యార్థులు, చిరుద్యోగులు వీటిలో ప్రయాణిస్తారు. వానలు తక్కువైన పాలమూరు నుండి కూలీలు ఆనకట్టలు, కాలువలు, భవనాల పనులకు దూరప్రాంతాలకు వలసపోవుట అనేక దశాబ్దాలుగా ఉన్నది. పాలమూరు లేబరు అనే మాట దేశంలోని పెద్ద నిర్మాణాల వద్ద వాడుకలో ఉన్నది. బొంబాయి, పూనా వైపు పోవువారికి కృష్ణ స్టేషను మీదుగా సాగే ప్రధాన మార్గం ఒక దారి.

ప్రమాదాలు

ఈ రెండు జిల్లాలలోను భారత రైల్వే చరిత్రలో చెప్పుకోదగిన ఘోర ప్రమాదాలు జరిగినవి. ఈ రెండింటికీ కారణం వరద నీరే.

1956 మహబూబ్ నగర్ ప్రమాదం

1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల - మహబూబ్ నగర్ నడుమ రైలు వెళ్ళుచుండగా వంతెన కూలి వందకు పైగా ప్రయాణీకులు మరణించారు. మృతుల సంఖ్య 112గా సాధారణంగా పేర్కొనబడుతున్నది. ఆంధ్రప్రదేశ్ అవతరణకు ఇంకా రెండు నెలలు ఉన్నందున ఈ ప్రాంతం అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నది. ఈ దుర్ఘటనకు నైతిక బాధ్యత వహిస్తూ రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా ప్రధాని జవహర్ లాల్ నెహ్రూ అంగీకరించలేదు. అదే సంవత్సరం నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద మరొక ఘోర ప్రమాదం జరిగినది. శాస్త్రి మరల రాజీనామా చేయగా ఈసారి అది ఆమోదించబడినది. మహబూబ్ నగర్ ప్రమాదం వలననే శాస్త్రి పదవి వీడినారని కొన్నిచోట్ల వ్రాయబడుచున్నది కాని, పదవి వీడినది అరియలూరు ప్రమాదం తరువాతనే.

2005 వలిగొండ ప్రమాదం

2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ సమీపంలో రేపల్లె నుండి సికింద్రాబాదు వెళ్ళుచున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు ప్రమాదానికి గురైనది. భారీ వర్షాలకు ఎగువనున్న చెరువు కట్ట తెగి, ఆ నీటి ఉధృతికి చిన్న వంతెనతో సహా రైలు కట్ట కొట్టుకొనిపోయినది. పట్టాల క్రింద నేల లేని సంగతి చీకటిలో తెలియక వచ్చిన రైలు ఇంజను, పలు పెట్టెలు వరదలో పడినవి. కనీసం 114 మంది మరణించారు.

ఈ రెండు ప్రమాదాల నేపథ్యం ఈ నేల స్వభావంలో ఉన్నది. దక్షిణ తెలంగాణ రాతి పీఠభూమి. ఇక్కడి వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండి, కుండపోత వర్షానికి కొద్ది గంటలలో పొంగుతాయి. పూర్వులు వాలు వెంబడి ఒకదాని క్రింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు నిర్మించినారు. ఒక చెరువు అలుగు నీరు క్రింది చెరువును నింపుతుంది. పై కట్ట తెగిన యెడల ఆ నీరంతా ఒక్కసారిగా క్రింది కట్ట మీద పడి దానిని కూడా తెంపవచ్చును. రైలు కట్ట ఈ వాలును అడ్డముగా దాటుతుంది. మామూలు వర్షపు నీటికి సరిపడు తూము లేక చిన్న వంతెన, తెగిన చెరువు నీటికి చాలదు.

అందుచేత తెగిన యెడల రైలు మార్గానికి ముప్పు కలిగించగల చెరువులను రైల్వేలు ప్రత్యేక జాబితాగా ఉంచుతాయి. వానాకాలానికి ముందు వాటి కట్టలను, అలుగులను రాష్ట్ర నీటిపారుదల శాఖతో కలిసి తనిఖీ చేయుట నియమము. భారీ వర్షాల రాత్రులలో గ్యాంగ్ మెన్ లాంతరు లేక టార్చితో పట్టాల వెంబడి నడిచి గస్తీ తిరుగుతారు. చెరువు కట్ట రాష్ట్ర ప్రభుత్వానిది, పట్టాలు రైల్వేవి. కట్ట తెగిన వార్త గ్రామం నుండి స్టేషను మాస్టరుకు ఎంత త్వరగా చేరునన్నదానిపై వందలమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయని వలిగొండ ప్రమాదం తెలిపినది.

2023 ఫలక్ నుమా ఎక్స్ ప్రెస్ అగ్నిప్రమాదం

2023 జూలై 7న బొమ్మాయిపల్లి - పగిడిపల్లి నడుమ ఫలక్ నుమా ఎక్స్ ప్రెస్ లో మంటలు చెలరేగి పలు పెట్టెలు కాలిపోయినవి. రైలును వెంటనే ఆపి ప్రయాణీకులను దించుటవలన ప్రాణనష్టం జరుగలేదు.

రైలు లేని ప్రాంతాలు

ఉమ్మడి మహబూబ్ నగర్ జిల్లా తూర్పు భాగంలోని నాగర్ కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ లకు, ఉమ్మడి నల్గొండ జిల్లాలోని దేవరకొండ, సూర్యాపేట పట్టణాలకు రైలు లేదు. వీటిలో నాగర్ కర్నూల్, సూర్యాపేట ప్రస్తుతం జిల్లా కేంద్రాలు. సూర్యాపేట హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నందున రోడ్డు రవాణాయే దాని ఆధారం. గద్వాల నుండి వనపర్తి, నాగర్ కర్నూల్, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా మాచర్లకు రైలు మార్గం కావలెనన్న కోరిక చాలా కాలంగా ఉన్నది. నల్గొండ, సూర్యాపేటల మీదుగా డోర్నకల్ - గద్వాల మార్గం కూడా ప్రతిపాదనలలో చోటు చేసుకొన్నది.

పాత మార్గాలు హైదరాబాదు నుండి బొంబాయి, బెజవాడ, కర్నూలు చేరుటకు వేయబడినవే కాని, నల్గొండను మహబూబ్ నగర్ తో కలుపుటకు కాదు. పక్క పక్కనే ఉన్న ఈ రెండు జిల్లా కేంద్రాల మధ్య రైలులో వెళ్ళదలచినవారు నేటికీ హైదరాబాదు చేరి బండి మారవలసినదే. తూర్పు పడమరలుగా సాగే కొత్త మార్గం కోసం జరుగుతున్న విజ్ఞప్తులకు మూలకారణం ఇదే.

స్టేషన్ల అభివృద్ధి

అమృత్ భారత్ స్టేషన్ల పథకం క్రింద ఈ ప్రాంతం నుండి మహబూబ్ నగర్, జడ్చర్ల, షాద్ నగర్, గద్వాల, శ్రీ బాల బ్రహ్మేశ్వర జోగులాంబ, నల్గొండ, మిర్యాలగూడ, యాదాద్రి స్టేషన్లు ఎంపిక చేయబడినవి.

ఇవి కూడా చూడండి

- దక్షిణ మధ్య రైల్వే
- నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే
- కాచిగూడ రైల్వేస్టేషన్
- వలిగొండ రైలు ప్రమాదం
- లాల్ బహదూర్ శాస్త్రి